1794లో ఫిలడెల్ఫియాలో దిగే ఫ్రెంచి దొరవారికి, ఒక దస్తావేజు లేఖరి సలహాలు

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఫ్రెంచి విప్లవానికి భయపడి అమెరికా చేరినవాళ్ల చరిత్ర చదివినా నా కన్ను కాగితాల మీదకే పోతుంది.

కాబట్టి దొరవారూ, ఎవరైనా ఒహాయో మ్యాపు పరిచి ప్లాట్లు చూపిస్తే, ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో ముందు అడగండి. పారిస్‌లో సయోటో కంపెనీ దగ్గర కొన్నవాళ్లు అడగలేదు. 1790లో వందల మంది ఓడ దిగాక తెలిసింది, కంపెనీకి ఆ భూమి మీద హక్కే లేదని! వాళ్లు ఒహాయోలో చేరిన ఊరు గాలిపోలిస్‌లో ఉండిపోయినవాళ్లు తాము కాపురమున్న స్థలాన్నే ఎకరా 1.25 డాలర్లకు మళ్లీ కొనుక్కున్నారు. 1795లో అమెరికా కాంగ్రెస్ జాలిపడి 24,000 ఎకరాలిచ్చింది గానీ, అది వేరే చోట.

పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది ఒడ్డున 1793లో ఫ్రెంచివాళ్ల కోసం మొదలైన ఊరు అజీలం నచ్చిందా? స్థలం నిజంగానే ఉంది. దుంగల ఇళ్లకు అద్దాల కిటికీలు పెట్టారు, లోపల గోడలకు రంగు కాగితం అంటించారు. ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్ కోసం పెద్ద ఇల్లు కట్టారని చెప్పుకుంటారు, ఆ అక్టోబరులోనే ఆమె తల తెగింది. అయితే ఇక్కడ అమ్మేవాడి అప్పులు కూడా చూడాలి. ఈ ఊరి భూముల వెనకున్న రాబర్ట్ మోరిస్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సర్దిన పెద్దమనిషే. 1798లో అప్పు తీర్చలేక జైలుకెళ్లాడు.

భూమి సంగతి అయింది, ఇక తిండి. బిరుదులు పక్కనపెట్టి చేతికొచ్చిన పని పట్టుకోండి. మేజిస్ట్రేటుగా చేసిన బ్రియా సవారిన్ న్యూయార్క్‌లో ఫ్రెంచి పాఠాలు చెప్పాడు, థియేటర్లో వయొలిన్ వాయించాడు. కొలే అనే కెప్టెన్ ఐస్‌క్రీములమ్మి బాగానే వెనకేశాడు. మొరో ద సాంమెరీ ఫిలడెల్ఫియాలో పుస్తకాల షాపు తెరిచాడు. పరిచయాలు కావాలంటే అక్కడికే వెళ్లండి, సాయంత్రాలు ఫ్రెంచి రాజకీయవేత్త టాలీరాండ్ కూడా వస్తాడు.

కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్ నుంచి బానిసలను వెంట తెచ్చారా? పెన్సిల్వేనియాలో 1780 చట్టం ప్రకారం ఆరు నెలలు దాటితే వాళ్లు మీ బానిసలు కారు. మినహాయింపు కోసం మీవాళ్లు అర్జీ పెట్టారు, అసెంబ్లీ ఒప్పుకోలేదు. మంచి పని చేసింది.

1802లో నెపోలియన్ దేశం వదిలిపోయినవాళ్లకు క్షమాభిక్ష ప్రకటించగానే అజీలంలో చాలామంది సామాను సర్దారు. మీరూ వెళ్లేటట్టయితే ప్లాటు గాలికొదలకండి. లాపోర్ట్ కుటుంబంలా అక్కడే ఉండిపోయేవాళ్లకు అమ్మి, సొమ్ము చేతిలో పడ్డాకే ఓడ ఎక్కండి.