వీడియో కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఎలా సెట్ చేయాలి

వైట్ బ్యాలెన్స్ అంటే ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగానే కనపడేలా కెమెరా రంగులు సర్దడం. ముందు ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి. ఫ్రేములోకి ఎర్ర చీరలో ఒకరు వచ్చినా చాలు, షాట్ మధ్యలోనే రంగు మారిపోవచ్చు. ఎడిటింగ్‌లో అది సరిచేయడం చాలా కష్టం.

ఇప్పుడు గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట) తీసుకోండి. మామూలు ప్రింటర్ కాగితం వద్దు. దాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వల్ల అది కాస్త నీలంగా ఉంటుంది, దాన్ని సరిచేయబోయి కెమెరా బొమ్మను పసుపు వైపు లాగుతుంది. మనిషి ముఖం ఉండే చోటే, అదే వెలుతురు పడేలా కార్డు పట్టించండి. ఫ్రేము నిండేదాకా జూమ్ చేసి, ఎక్స్‌పోజర్ సరిచూసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ ఎంచుకుని సెట్ నొక్కండి. ఎర్రర్ వస్తే కార్డు మరీ చీకట్లోనో, వెలుతురెక్కువై తెల్లగా కాలిపోయో ఉన్నట్టే.

కార్డు లేకపోతే కెల్విన్ అంకె (వెలుతురు రంగును చెప్పే కొలత) పెట్టుకోవచ్చు: టంగ్‌స్టన్ బల్బుకు 3200, ఎండకు 5600, మబ్బుకు దాదాపు 6500. ఇక్కడ చాలామంది తికమకపడతారు. వెలుతురు మారకుండా అంకె పెంచితే బొమ్మ పసుపెక్కుతుంది, తగ్గిస్తే నీలమెక్కుతుంది. చౌక ఎల్ఈడీల కింద ముఖాలు ఆకుపచ్చగా పాలిపోతే కెల్విన్‌తో పని కాదు. టింట్‌ను (ఆకుపచ్చ, మెజెంటాల మధ్య రంగు సర్దే సెట్టింగ్) మెజెంటా వైపు కొద్దికొద్దిగా జరపండి.

కిటికీ వెలుతురు, బల్బు వెలుతురు కలిస్తే ఏ సెట్టింగూ రెండింటికీ కుదరదు. కర్టెన్ వేయండి, లేదా బల్బు ఆర్పేయండి. లైటు మార్చినా, ఎన్‌డీ ఫిల్టర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురును తగ్గించే అద్దం) మార్చినా మళ్లీ సెట్ చేయాల్సిందే.