కొత్త కుక్కపిల్ల ఇంటికొచ్చాక: ఏడుపు, ఉచ్చ, కొరుకుడు - ఏది ఎందుకు, ఏం చేయాలి

"దీనికి ఎంత చెప్పినా అర్థం కాదు" అని మొదటి వారంలో ప్రతి ఇంట్లోనూ అంటారు. అర్థం కాదు మరి, రెండు నెలల పిల్ల అది. దానికి తెలిసినవల్లా ఆకలి, నిద్ర, భయం, ఉచ్చ, నోటి దురద. అది ఏ అల్లరి చేసినా ఈ ఐదింటిలో ఒకటి వెనక ఉంటుంది, అదేదో కనిపెట్టకుండా తిట్టినా, చీపురు చూపించినా ఇంకో కొత్త సమస్య తయారవుతుందే తప్ప ఉన్నది పోదు.

ముందు వయసు తేల్చుకోండి. తల్లి నుంచి విడదీయడానికి కనీసం 8 వారాలు నిండాలి, కానీ అమ్మేవాళ్ళలో చాలామంది నెల పిల్లనే 45 రోజులని చెప్పి అంటగట్టేస్తారు. పాలపళ్ళు మొత్తం 28, ఎనిమిది వారాలకల్లా వచ్చేస్తాయి కాబట్టి నోరు తెరిచి చూస్తే వెనక పళ్ళు ఇంకా లేకపోతే దానికి 8 వారాలు ఇంకా నిండలేదని అనుకోవచ్చు. అలాంటి పిల్లకి కింద చెప్పినవన్నీ ఇంకాస్త ఓపిగ్గా చేయాలి.

రాత్రంతా ఏడుస్తోంది

నిన్నటిదాకా తోడబుట్టినవాటి మీద పడి వెచ్చగా పడుకున్న పిల్లని తెచ్చి చీకటి బాల్కనీలోనో బాత్రూంలోనో పెట్టి తలుపేస్తే ఏడవక ఏం చేస్తుంది? మొదటి కొన్ని రాత్రులు ఎత్తు అంచులున్న అట్టపెట్టె తీసుకుని, అడుగున పాత దుప్పటి మడిచి వేసి, మీ మంచం పక్కనే పెట్టుకోండి. ఏడిస్తే చెయ్యి కిందికి దించి తాకనివ్వండి, చాలు. తెచ్చేటప్పుడే తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటే ఆ వాసనకి ఇంకా తొందరగా సర్దుకుంటుంది. కుదురుకున్నాక పెట్టెని రోజూ కొంచెం కొంచెం జరుపుతూ మీరు అనుకున్న చోటికి తీసుకెళ్ళండి.

ఏడ్చినప్పుడల్లా దగ్గరికెళ్తే అలవాటైపోతుందని పక్కింటివాళ్ళు చెప్తారు. కొత్త చోట భయపడుతున్న పిల్ల విషయంలో ఆ మాట పట్టించుకోకండి.

కాసేపు బాగా నిద్రపోయి, మధ్యలో లేచి కుయ్యిమంటే మాత్రం అది ఉచ్చ కోసం. లైట్లు వేయకుండా, ఆడించకుండా ఎత్తుకెళ్ళి పోయించి తెచ్చి పడుకోబెట్టండి. ముద్దుచేశారో, రేపటి నుంచి రెండింటికి ఆటల టైమ్ అని ఫిక్సయిపోతుంది.

ఇల్లంతా ఉచ్చ పోస్తోంది

ఎక్కువ టెన్షన్ దీని గురించే, నిజానికి ఎక్కువ తప్పు జరిగేది కూడా ఇక్కడే. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు. అంటే రెండు నెలల పిల్లకి మూడు గంటలే గొప్ప, మెలకువగా ఆడుకుంటుంటే అంత కూడా ఆగదు. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఆట ఆపగానే, ఈ మూడు వేళల్లో అది అడిగినా అడగకపోయినా మీరే తీసుకెళ్ళాలి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇంక క్షణాలే ఉన్నాయి, ఫోన్ పక్కన పడేసి ఎత్తుకోండి.

రోజూ ఒకటే చోటికి తీసుకెళ్ళండి. పోయడం పూర్తికాగానే అక్కడే, రెండు సెకన్లలోపే, ఉడికించిన చికెన్ ముక్క గోరంత ఇచ్చి మెచ్చుకోండి. లోపలికొచ్చాక ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళకి ఇంకో చిక్కుంది. టీకాలు పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే చోట కిందికి దింపకూడదు, కాబట్టి బాల్కనీలో ట్రే పెట్టి అందులో గడ్డి మ్యాట్ వేసి అక్కడే అలవాటు చేయండి. న్యూస్‌పేపర్ కూడా పనికొస్తుంది గానీ, తర్వాత మీరు చదవడానికి కింద పరుచుకున్న పేపర్ మీద పోస్తే దాన్ని అనకండి.

పోసిన చోటే మళ్ళీ పోస్తోందంటే వాసన పోలేదని అర్థం. ఫినాయిల్ మన ముక్కుకి మాత్రమే వాసన కప్పేస్తుంది, పైగా నేల నాకే పిల్లకి మంచిది కాదు. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది ఉచ్చలోని వాసననే విరగ్గొడుతుంది. ఇంక ఆ ముక్కు పట్టుకుని ఉచ్చలో రుద్దే పాత పద్ధతి ఉంది చూడండి, దానివల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మీ ముందు పోయకూడదని. రేపటి నుంచి సోఫా వెనక పోస్తుంది.

మీరు ఆఫీసు నుంచి రాగానే తోకాడిస్తూ పోసేస్తే అది ఉత్సాహానికో భయానికో కారిపోవడం, శిక్షణతో పనిలేదు. పలకరించకుండా లోపలికెళ్ళి, అది నెమ్మదించాక పక్కకి తిరిగి కూర్చుని నిమరండి. వయసుతో చాలావరకు పోతుంది. చుక్కలు చుక్కలుగా, ముక్కుతూ, రక్తం కలిసి పోస్తుంటే మాత్రం ఇన్‌ఫెక్షన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి.

చేతులు, చీరకుచ్చిళ్ళు కొరుకుతోంది

పిల్లకి నోరే చెయ్యి. నాలుగో నెల నుంచి పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు వస్తుంటే చిగుళ్ళు దురద పెడతాయి, ఆరేడు నెలలదాకా ఇది ఉంటుంది. గుడ్డని తడిపి పిండి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, చల్లగా కొరుక్కుంటుంది, కాకపోతే పీలికలు మింగకుండా పక్కనే ఉండండి. ఉడికిన కోడి ఎముకలు ఇవ్వకండి, అవి చీలి పేగులో గుచ్చుకుంటాయి.

చాలామందికి తట్టని కారణం నిద్ర. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. సాయంత్రం చుట్టాలొచ్చి, పిల్లలు ఎత్తుకుని తిప్పి, ఎనిమిదింటికి పిచ్చి పట్టినట్టు పరిగెడుతూ కొరుకుతోందంటే అది నిద్ర సరిపోని చిన్నపిల్లాడి మారాం లాంటిదే. దాని చోట్లో వదిలేసి లైటు తగ్గించండి. మిగతా వేళల్లో కొరికితే కదలకుండా ఆగి, నోటికి బొమ్మ అందించండి. అయినా వదలకపోతే లేచి పక్కగదిలోకి అరనిమిషం వెళ్ళిపోండి. అరుస్తూ చెయ్యి లాక్కుంటే దానికి భలే ఆట. మూతి నొక్కిపట్టడం, ముక్కు మీద కొట్టడం వద్దు.

పన్ను దిగి రక్తం వస్తే "చిన్నపిల్లే కదా" అని వదిలేయకండి. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోండి. రేబిస్ టీకా మామూలుగా కుక్కపిల్లకి మూడు నెలలకి గానీ వేయరు.

తినట్లేదు, మోషన్స్ అవుతున్నాయి

మొదటి రోజు కాస్త తక్కువ తింటే కంగారొద్దు. మోషన్స్‌కి సాధారణ కారణం గిన్నెడు పాలు పోయడం. గేదె పాలు, ఆవు పాలు చాలా పిల్లలకి అరగవు, ఆపేయండి. రెండోది, ఒక్కసారిగా తిండి మార్చడం. ఇంతకుముందు ఏం పెట్టేవారో అడిగి అదే పెడుతూ, వారం రోజుల్లో మెల్లగా కొత్తది కలపండి. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచితే మాంసకృత్తులు చాలవు. రోజుకి మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. మన కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి దానికి విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే.

వాంతులు, నీసు కంపు కొట్టే రక్తపు విరేచనాలు, తల వాల్చేసి పడుకోవడం, ఈ మూడూ కలిస్తే పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు, అయ్యుండొచ్చు. తెల్లారేదాకా చూద్దామని సగ్గుబియ్యం జావ పట్టొద్దు, పారాసెటమాల్ అసలే వద్దు, వెంటనే తీసుకెళ్ళండి. టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి. ఇంట్లో ఇంతకుముందు పార్వోతో కుక్క పోయుంటే ఆ వైరస్ నెలల తరబడి నేలమీదే ఉంటుంది, ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి 30 వంతుల నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి.

కుక్కర్ విజిల్‌కి సోఫా కిందికి దూరుతోంది

బయటికి లాగకండి. విజిల్ వచ్చే వేళకి దూరపు గదిలో ఉంచి, కూత వచ్చినప్పుడల్లా చికెన్ ముక్క ఇస్తూ, రోజులు గడిచేకొద్దీ వంటింటికి దగ్గర చేయండి. మిక్సీకీ ఇదే. మూడు నుంచి 14 వారాల మధ్య చూసి అలవాటైనవి పెద్దయ్యాక అంతగా భయపెట్టవు కాబట్టి టీకాలు పూర్తికాలేదని గదిలో బంధించకుండా, చంకన వేసుకుని ఆటోలు, జనం, వాన అన్నీ చూపించండి. కిందికి మాత్రం దింపొద్దు. టైల్స్ మీద జారి భయపడుతుంటే అది నడిచే దారిలో గోనెపట్టా పరవండి.

పిలిస్తే రావట్లేదు

ఇంట్లో ఒకరు "దా", ఒకరు "కమాన్", అమ్మమ్మ "ఇటు రావే బంగారం" అంటుంటే ఏదని వస్తుంది? ఒక్క మాట ఖాయం చేసుకుని అందరూ అదే వాడండి. ఆ మాటకి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి నోట్లో పెట్టండి. స్నానానికో, మందుకో, తిట్టడానికో అయితే ఆ మాటతో పిలవకండి, మీరే వెళ్ళి ఎత్తుకురండి.