వదిలేసిన ట్యాంకు మోడల్: గోదావరి తేమలో వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

మా ఇల్లు రావులపాలెం దగ్గర, గౌతమి గట్టుకి కూతవేటు దూరంలో. వర్షాకాలం వస్తే ఇక్కడ దండెం మీద వేసిన తువ్వాలు మర్నాటికి కూడా ఆరదు. అలాంటి గదిలో కూర్చుని 1/35 స్కేల్లో ఎం48 ప్యాటన్ ట్యాంకు కట్టాను. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర జరిగిన యుద్ధంలో, మనవాళ్లు నీళ్లు వదిలిన చెరకు పొలాల్లో పాకిస్తాన్ ప్యాటన్లు దిగబడిపోయాయి. వాటిలో కొన్నింటిని సిబ్బంది అలాగే వదిలేసి పోయారు. యుద్ధం అయ్యాక పట్టుబడిన ట్యాంకుల్ని భిఖీవిండ్ దగ్గర ఒకచోట చేరిస్తే ఆ చోటికి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. వాటిలో ఒకదాన్ని ఎవరూ లాగకుండా నాలుగైదు వర్షాకాలాలు చేలోనే ఉంచేస్తే ఎలా ఉండేది? నా మోడల్ ఆ ఊహే.

దమ్ము చేసిన చేలో ట్రాక్టరు దిగబడితే ఎలా ఉంటుందో మన వైపు పిల్లలకి కూడా తెలుసు. ఇది 45 టన్నుల ఇనుము. అందుకే ఈ పని మనకి బాగా అబ్బుతుందని నా నమ్మకం. కానీ మన నీళ్లే మన రంగుల్నీ పాడుచేస్తాయి. లోపం ఏదైనా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడికి నీరు ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ నిలిచింది, ఎటు పోయింది?

రంగు ఆరాక తెల్లగా, పొగ పట్టినట్టు కనిపిస్తోంది

లక్కర్ రంగులతోనూ మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌తోనూ ఇది ఎక్కువ. థిన్నర్ గబగబా ఆవిరవుతూ ప్లాస్టిక్ పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో ఉన్న తేమ ఆ చల్లటి పొర మీద చేరి రంగులో చిక్కుకుపోతుంది. మంచు చెంబు బయట నీళ్లు చేరడం లాంటిదే.

కంగారుపడి మళ్లీ రంగు వేయకండి. ఎండ వచ్చిన రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటాక, రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ని ఒక్కదాన్నే పల్చగా, దూరం నుంచి చల్లండి. పై పొర కాస్త కరిగి, తేమ బయటికి పోయి, అసలు రంగు తిరిగొస్తుంది. దానికీ లొంగకపోతే పల్చగా గ్లాస్ (మెరిసే) వార్నిష్ వేసి, ఆరాక మ్యాట్ వేయాలి. నేను గోడకి చిన్న తేమ మీటరు తగిలించుకున్నాను. 70 శాతం దాటితే ఆ రోజు రంగు చల్లే ఎయిర్‌బ్రష్ ముట్టను. ఆ రోజు అంటించే పనో, సాన పట్టే పనో చూసుకుంటాను.

రంగు మధ్యలో ఉన్నట్టుండి నీటి చుక్కలు పడి గుంటలు పడుతున్నాయంటే తప్పు ఎయిర్‌బ్రష్‌కి గాలినిచ్చే కంప్రెసర్‌ది. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరై కంప్రెసర్ గాలి ట్యాంకులో చేరుతుంది. పని అయ్యాక ప్రతిరోజూ కింది మర విప్పి నీళ్లు వదిలేయండి. గొట్టానికి తేమ పట్టే ఫిల్టరు తప్పనిసరి.

ప్రైమర్ (మొదటి పూత) గోరు తగిలితే ఊడుతోంది

అచ్చులోంచి ముక్క తేలిగ్గా రావడానికి పూసిన నూనె, దాని మీద మన చేతి చెమట. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఊడిన చోట అతుకు వేస్తే అంచు కనిపిస్తుంది కాబట్టి ఆ పలక మొత్తం తీసేసి వేయడమే నయం.

పెచ్చులు లేవడం లేదు, లేదా ఒకేసారి చేతికంత లేచిపోతున్నాయి

తుప్పు రంగు వేసి, దాన్ని వార్నిష్‌తో కాపాడి, పైన హెయిర్‌స్ప్రే కొట్టి, ఆ పైన ఆకుపచ్చ వేసి, తడి బ్రష్‌తో రుద్ది పెచ్చులు లేపే పద్ధతి ఇది. నీళ్లు పై రంగు గుండా దిగి హెయిర్‌స్ప్రేని కరిగించాలి. పై రంగు లక్కర్ అయితే నీరు దిగదు, ఎంత రుద్దినా లేవదు. కాబట్టి నీటితో పలచన చేసిన ఆక్రిలిక్ పల్చగా వేసి, గంటలోపే మొదలుపెట్టండి. రాత్రి వేసి పొద్దున చూద్దాం అనుకుంటే గట్టిపడిపోతుంది. పెద్ద ముక్కలు లేస్తుంటే హెయిర్‌స్ప్రే మందంగా పడిందని, లేదా బ్రష్‌లో నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. బ్రష్‌ని గుడ్డకి అద్దుకుని, మొనతో పొడిచినట్టు చేయండి.

ఒక లెక్క గుర్తుంటే చాలా తప్పులు తప్పుతాయి. ఈ స్కేల్లో 1 మిల్లీమీటరు పెచ్చు అసలు ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్లు. అలాంటివి ఒంటినిండా ఉంటే ట్యాంకుకి అమ్మవారు పోసినట్టుంటుంది. మూతల చుట్టూ, బూట్లు తగిలే మెట్ల దగ్గర, మడ్‌గార్డ్ అంచుల్లో ఉంచి, మిగతా చోట్ల చెయ్యి ఆపుకోవాలి.

హెయిర్‌స్ప్రేకి బదులు కల్లుప్పు చల్లే పద్ధతి కూడా ఉంది. మన దగ్గర ఉప్పు దానంతటదే చెమ్మగిల్లి కరిగిపోతుంది. పెనం మీద వేయించి, వేడి తగ్గగానే వాడండి. తర్వాత నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. మూలల్లో ఉప్పు మిగిలితే అది మళ్లీ తేమ పీల్చి, కొన్నాళ్లకి వార్నిష్ కింద తెల్లగా పొంగుతుంది. నా మొదటి మోడల్ టరెట్ (ఫిరంగి ఉండే పై భాగం) అలాగే పోయింది.

తుప్పు నారింజ రంగు పూసిన బొమ్మలా ఉంది

కారణం ఒకే రంగు వాడటం, ఇనుమంతా ఒకేలా తుప్పు పడుతుందనుకోవడం. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు హేవ్‌లాక్ వంతెన దగ్గర అరగంట నిలబడండి. 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయాయి. అప్పటి నుంచి ఆ ఇనుము గోదావరి గాలికి అలాగే ఉంది. వదిలేసిన ఇనుము గురించి చదువుకోవడానికి అంతకంటే మంచి పుస్తకం మన జిల్లాల్లో లేదు. నిలువు పలక మీద రంగు వెలిసి మిగిలి ఉంటుంది. ప్లేట్లు అతికిన సందుల్లో, రివెట్ల చుట్టూ, నీరు నిలిచే కింది అంచుల్లో తుప్పు దాదాపు నల్లగా ఉంటుంది. నారింజ రంగు మాత్రం ఈమధ్య పెచ్చు ఊడిన చోట, తడి ఇంకా ఆడుతున్న చోటే. పాత తుప్పు ముదురు, కొత్త తుప్పు లేత. ఆ క్రమంలోనే రంగులూ వేయాలి.

ముందు ముదురు గోధుమ వేస్తాను. దాని మీద చిన్న స్పాంజి ముక్కతో బర్న్ట్ అంబర్ (మట్టి గోధుమ), ఆ పైన అక్కడక్కడ బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ) అద్దుతాను. నారింజ చివర్లో, సూదిమొనంత. ఇప్పటికే బొమ్మలా అయిపోయి ఉంటే తుడవక్కర్లేదు. ముదురు గోధుమ ఆయిల్ రంగుని పల్చగా చేసి దాని మీద రెండుసార్లు పారిస్తే నారింజ లోపలికి పోయి, పొర కింది పొరలా కనిపిస్తుంది.

ఏ భాగం దేనితో చేశారన్నది కూడా చూడాలి. ఎం48 హల్ (కింది మొండెం), టరెట్ పోత ఉక్కు. ఎన్నేళ్లున్నా చిల్లులు పడవు, పైన సన్నటి సమానమైన గోధుమ పొర కడుతుంది. ఆ పోత గరుకుదనం కిట్‌లో చాలకపోతే ద్రవ పుట్టీని పొట్టి బ్రష్‌తో పొడుస్తూ అద్దుకోవాలి. పల్చటి రేకు మడ్‌గార్డ్‌లు మాత్రం పొరలు పొరలుగా లేచి, చిల్లులు పడి, వంగుతాయి. చక్రాల చుట్టూ ఉన్న రబ్బరు తుప్పు పట్టదు. ఎండకి బూడిద రంగు తిరిగి బీటలిస్తుంది. రబ్బరుకి తుప్పు రంగు పూసిన మోడళ్లు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో పొరపాటు కాలిపోయిన ట్యాంకునీ వదిలేసిన ట్యాంకునీ కలిపేయడం. కాలిన దాని రంగు, రబ్బరు మంటకే పోతాయి. బయటపడ్డ ఇనుము కొద్ది రోజుల్లోనే ఒళ్లంతా ఎర్రబడుతుంది. బురదలో దిగబడి వదిలేసినదానికి రంగు ఉంటుంది. తెరిచి వదిలిన మూతల్లోంచి వాన లోపలికి పోతుంది. అంటే తుప్పు మూత అంచు దగ్గర మొదలవ్వాలి.

వాన చారలు వేశాను, కానీ అబద్ధంలా ఉన్నాయి

నేను ఎక్కువ కాలం తన్నుకున్నది దీనితోనే. బల్ల మీద తిన్నగా ఉన్న ట్యాంకుకి చక్కగా చారలు గీశాను. తర్వాత దాన్ని బురదలో ఎడమవైపు ఒరిగేలా దింపాను. మొత్తం పాడైంది. ఏం తప్పో రెండు రోజుల దాకా తెలియలేదు. చారలన్నీ ట్యాంకుతో పాటే ఒరిగిపోయాయి! వాన నీటికి ట్యాంకుతో పనిలేదు, అది భూమి వైపే జారుతుంది.

కాబట్టి వరస మార్చండి. ముందు నేల తయారు చేసి, ట్యాంకు ఎంత ఒరగాలో తేల్చుకోండి. అదే వాలులో చెక్క ముక్కల మీద నిలబెట్టి, అప్పుడు చారలు వేయండి. తాపీమేస్త్రి తూకం గుండులా ఒక దారానికి నట్టు కట్టి ట్యాంకు పక్కన వేలాడదీస్తే చెయ్యి ఎటు దిగాలో అదే చెబుతుంది. ఆయిల్ రంగు చుక్క పెట్టి, పావుగంట ఆగి, వైట్ స్పిరిట్‌లో ముంచి తుడిచేసిన చదును బ్రష్‌తో దారం వెంబడి ఒక్కసారే కిందికి లాగండి. ప్రతి చారకీ పుట్టుక ఉండాలి: బోల్టు, వెల్డు, పెచ్చు, మూత అంచు. ఏమీ లేని పలక మధ్యలో చార మొదలైతే చూసేవాడి కన్ను ఊరుకోదు.

చేలో నీళ్లు పెరిగి తగ్గినప్పుడు హల్ పక్కన పడే మట్టి గీతలదీ ఇదే కథ. ట్యాంకు ఎంత ఒరిగినా నీటిమట్టం మాత్రం సమంగా ఉంటుంది. దానికి నా పద్ధతి: ట్యాంకుని ఒరిగిన వాలులోనే అద్దం పలక మీద నిలబెడతాను. అగ్గిపెట్టెల దొంతర మీద పెన్సిల్ అడ్డంగా అంటించి, ఆ దొంతరని అద్దం మీద జరుపుతూ ట్యాంకు చుట్టూ గీత తీస్తాను. ఒకవైపు గీత చైన్ల మీదుగా పోతుంది, ఇంకోవైపు మడ్‌గార్డ్‌ని తాకుతుంది. ఆ తేడా కనబడగానే ట్యాంకు నిజంగా కూరుకుపోయినట్టు అనిపిస్తుంది. ఒక్కో అగ్గిపెట్టె తీసేస్తూ రెండో గీత, మూడో గీత తీయండి. పై గీత వెలిసి, కింది గీత చిక్కగా ఉండాలి.

వాష్ (సందుల్లోకి పారే పల్చటి రంగు) వేశాక సన్నటి ముక్కలు పుటుక్కున విరిగాయి

ఎనామెల్ థిన్నర్ మడుగుకట్టి, బిగుతుగా వంచి అంటించిన ప్లాస్టిక్‌లోకి దిగితే బీటలొస్తాయి. చక్రాల ఆర్ములు, చైను లింకులు ముందు పోతాయి. ముందే వార్నిష్ వేయండి. హల్ అడుగున వాష్ పోసినట్టు వేయకుండా అద్దండి, మిగిలింది వెంటనే టిష్యూతో పీల్చేయండి. విరిగినదానికి లోపల సన్నటి ఇత్తడి తీగ పెట్టి సూపర్‌గ్లూతో అతకాలి.

ట్యాంకు నేల మీద తేలుతున్నట్టుంది

నేల ఆరాక ట్యాంకుని తెచ్చి పెట్టడమే కారణం. బరువు నేలకి తెలియాలి. చైన్లకి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, నేలకి పూసిన మట్టి పేస్టు తడిగా ఉండగానే ట్యాంకుని గట్టిగా నొక్కండి. పక్కలకి మట్టి ఉబికి రావాలి. దమ్ములో ట్రాక్టరు చక్రం పక్కన వచ్చే కట్ట గుర్తుచేసుకోండి. బయటపడాలని తిరిగిన చైన్లు వెనక్కి బురద విసిరి ఉంటాయి, కాబట్టి వెనక గాడి లోతుగా, అంచులు నలిగినట్టు ఉండాలి. ప్యాటన్‌కి చైన్ని తిప్పే పళ్ల చక్రం వెనకే ఉంటుంది. దాని సందుల్లో మట్టి కూరండి.

మట్టి రంగు గురించి ఒక మాట. మన నల్లరేగడి ఆ పొలాలకి నప్పదు. పంజాబ్ నేల లేత రంగు ఒండ్రు. నేను లంక నుంచి ఇసుక కలిసిన ఒండ్రు తెచ్చి, దంచి, పాత చీర గుడ్డతో జల్లించి వాడాను. అది ఆ రంగుకి దగ్గరగా ఉంది. తడిగా కలిపినప్పుడు రంగు చూసి మోసపోవద్దు. అట్టముక్క మీద పూసి ఆరబెట్టి చూడండి.

పిగ్మెంట్ పొడి (దుమ్ములా కనిపించే రంగు పొడి) అంటించగానే మాయమైపోయింది

అంటించే ద్రవం ఎక్కువైతే పొడి తడిసి ముదురుతుంది, పల్చబడి కొట్టుకుపోతుంది. బ్రష్‌తో పూయకండి. పక్కన ఒక చుక్క తాకిస్తే పొడి దానంతటదే పీల్చుకుంటుంది. ఆరాక పై అంచులకి మాత్రం కాస్త పొడి ఊరికే అద్ది వదిలేయండి.

నెల తిరక్కుండా గడ్డి మీద బూజు పట్టింది

చెరకు ఆకులకి, ఎండు గడ్డికి నేను కొబ్బరి పీచు వాడతాను. కోనసీమలో దానికి కొదవేముంది! 1/35లో రెండున్నర మీటర్ల చెరకు గడ ఏడు సెంటీమీటర్లు, పీచుతో ఆకులు బాగా కుదురుతాయి. కానీ పీచు, పచ్చి మట్టి, మైదా జిగురు ఈ మూడూ కలిస్తే వానల్లో బూజుకి విందు భోజనమే. మట్టిని పెనం మీద వేయించండి. పీచుని ఉడికించి ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టండి. మైదా జిగురు జోలికి పోకుండా ఆక్రిలిక్ మ్యాట్ మీడియం వాడండి. బూజు వచ్చేసి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దండి. ముందు కనబడని చోట పరీక్షించండి, అది ఆక్రిలిక్ రంగునీ లేపుతుంది. అద్దాల పెట్టె అడుగున సిలికా జెల్ సంచులు వేసి, నెలకోసారి వేడిచేసి మళ్లీ పెట్టండి.

చేలో నీళ్లలా కనిపించాలని పోసిన రెసిన్ జిగటగా, మసకగా మిగిలింది

రెండు ద్రవాల కొలత తప్పితే రెసిన్ ఎప్పటికీ గట్టిపడదు. అంచనాతో కాక, సీసా మీద చెప్పినట్టు తూకంతోనో సిరంజితోనో కొలవండి. కొలత సరిగ్గా ఉండి పైన మాత్రం జిడ్డు పొర ఉంటే అది గాలి తేమ వల్ల వచ్చింది. పూర్తిగా గట్టిపడ్డాక సబ్బు నీళ్లతో మెల్లగా తుడిస్తే పోతుంది, పైన పల్చగా గ్లాస్ వార్నిష్ కొట్టండి. లోపల బుడగలుంటే నేల ఇంకా తడిగా ఉందన్నమాట. పోసే ముందు వారం రోజులు ఆరబెట్టి, నేల మొత్తానికి వార్నిష్ పట్టించండి. 3 మిల్లీమీటర్ల చొప్పున రెండు విడతలుగా పోయండి. మొదటి విడత గట్టిపడ్డాకే రెండోది. అంచుల దగ్గర రెసిన్ చైన్ల మీదికి పాకుతుంది. అక్కడ తడి మట్టి రంగు అద్దితే చేలో నీరు ఇనుముని తాకినట్టే ఉంటుంది, దాన్ని తీసేయకండి.