తలకెత్తుకున్న బరువులు: ఒత్తిడి లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో పదిహేనేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మిర్చి సీజన్‌లో తలనొప్పి, చిరాకు, నిద్రలేమి ఈ పనిలో మామూలేనని చాలాకాలం సరిపెట్టుకున్నాను. కానీ ఒక ఏడాది, బస్తాలు రాని సెలవు రోజుల్లో కూడా గుండె దడ తగ్గలేదు. పనే కారణమైతే పని లేని రోజున తగ్గాలి కదా? అప్పటి నుంచి పాత తక్‌పట్టీల (సరుకు తూకం, ధర రాసి రైతుకిచ్చే కాగితాల) వెనుక రాసుకోవడం మొదలుపెట్టాను. ఏ గంటకు ఎలా అనిపించింది, దానికి ముందు ఏం చేశాను అని రోజుకు నాలుగైదు మాటలు. పది రోజుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువ చోట్ల కనిపించినవి నా అలవాట్లే. మీరూ ముందు ఆ పని చేయండి. ఏ వేళకు ఇబ్బంది మొదలవుతుందో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

కళ్లు తెరవగానే గుండెల్లో బరువు

కారణం: దిండు కింద ఫోను. నిద్ర లేచిన మొదటి అరగంట, ముప్పావుగంటలో శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ సహజంగానే పెరుగుతుంది. మనిషిని రోజుకు సిద్ధం చేసే ఏర్పాటు అది. సరిగ్గా ఆ సమయంలో నిన్నటి తేజ రకం మిర్చి ధర, బంధువుల గ్రూపులో గొడవ, ఎక్కడో జరిగిన ప్రమాదం చదివితే మంచం దిగకముందే పదిమంది ఆందోళన మన నెత్తికి ఎక్కుతుంది.

పరిష్కారం: ఫోనును వంటింట్లో ఛార్జింగ్ పెట్టి, మంచం దగ్గర ఒక అలారం గడియారం ఉంచుకోండి. రాత్రి ఎవరికైనా అత్యవసరమైతే ఎలా అంటారా? రింగు శబ్దం పెంచి పెడితే పక్క గదిలోకి వినిపిస్తుంది. మెసేజీలు మాత్రం స్నానం అయ్యేదాకా ఆగుతాయి.

ఎప్పుడూ పరుగే, దారి పొడవునా హారన్ మీదే చెయ్యి

కారణం: ఆదివారం నాటి లెక్క. హనుమకొండలో ఇంటి నుంచి దుకాణానికి ఇరవై ఐదు నిమిషాలని నేను గట్టిగా నమ్మేవాడిని. అది రోడ్డు ఖాళీగా ఉన్న రోజు పట్టే సమయం. మిర్చి బండ్లు వరుసకట్టే సోమవారం నాడు కూడా అదే లెక్కతో బయలుదేరి, జెండా పాటకు (ఆ రోజు ధర పలికే వేలానికి) అందుకోలేనేమోనని దారంతా కుమిలిపోయేవాడిని.

పరిష్కారం: వారం రోజులు ప్రయాణ సమయం రాసి, అన్నింటిలో ఎక్కువ పట్టినదాన్నే అసలు సమయంగా తీసుకోండి. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప చెరువులకు మత్తడి ఉంది. నీరు నిండాక ఆ దారిన పోతుంది కాబట్టే కట్ట నిలుస్తుంది. రోజులోనూ అలాంటి ఖాళీ ఇరవై నిమిషాలు కావాలి.

సాయంత్రానికి చిరాకు, చేతుల్లో సన్నని వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం

కారణం: ఖాళీ కడుపుతో చాయ్ మీద చాయ్. కాంటా దగ్గరికి ఎవరు వచ్చినా ఒక చాయ్. నా కాగితాల్లో రోజుకు ఏడు తేలాయి, సద్ది గిన్నె మాత్రం మధ్యాహ్నం మూడు దాటినా తెరవలేదు. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కు తాగినదాంట్లో సగం రాత్రి 11కు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

పరిష్కారం: ఒకేసారి మానేయకండి, రెండు మూడు రోజులు తలనొప్పి వేధిస్తుంది. మూడు రోజులకొకటి చొప్పున తగ్గించండి. మధ్యాహ్నం 2 తర్వాత చాయ్ బదులు మజ్జిగ. అన్నం వేళకు తినండి.

ఆదివారం వస్తోందంటే భయం

నన్ను అన్నిటికన్నా ఎక్కువ అలిసిపోయేలా చేసింది ఇదే.

కారణం: మొహమాటం. మా బావ కూతురి పెళ్లి పత్రికలు పంచడానికి రమ్మన్నాడు. సరే అన్నాను. అదే ఆదివారం కాలనీ సంఘం లెక్కలు చూస్తానన్నాను, కొడుకును భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్తానని కూడా మాటిచ్చాను. మూడు మాటలూ ఇచ్చింది నేనే. శనివారం రాత్రి వాళ్ల మీద కోపం తెచ్చుకున్నదీ నేనే. ఆదివారం నా కొడుకు చెప్పులు తొడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. నేను పత్రికలు పంచి వచ్చేసరికి అలాగే నిద్రపోయాడు.

కాదంటే ఎదుటివారు నొచ్చుకుంటారని అనుకుంటాం. ఇష్టం లేకుండా ఒప్పుకుని ముఖం ముడుచుకుని చేసే పనికి వాళ్లు ఇంకా ఎక్కువ నొచ్చుకుంటారు.

పరిష్కారం: ఎవరు అడిగినా వెంటనే ఒప్పుకోకుండా, “రేపు పొద్దున చెప్తాను” అనండి. ఆ రాత్రి క్యాలెండర్ చూసుకోండి. కుదరకపోతే సాకులు వద్దు, చేయగలిగినది చెప్పండి. “బావా, ఆదివారం నాకు వీలు కాదు. శనివారం సాయంత్రం రెండు గంటలు వస్తాను, హంటర్ రోడ్డు వైపు ఇళ్లు నేను చూసుకుంటాను” అని తర్వాతి పెళ్లికి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా ఆ ఇళ్ల పత్రికలు విడిగా కట్టి పెట్టాడు.

పడుకున్నాక తలలో లెక్కలు తిరగడం

కారణం: సగంలో ఆగిన పని మనసును వదలదు. పూర్తయిన పనుల కన్నా మధ్యలో ఆగినవే బాగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే రాసింది.

పరిష్కారం: పడుకునే ముందు ఆగిన పనిని, రేపు దాన్ని ఎక్కడ మొదలుపెడతారో కూడా రాయండి. “కమీషన్ లెక్క” అని రాస్తే చాలదు. “పొద్దున 8కి కమీషన్ లెక్క, మూడో పేజీ నుంచి” అని రాయాలి. అప్పటికీ దడగా ఉంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు.

ఇవేవీ పనిచేయకపోతే

అప్పు, ఇంట్లో జబ్బు, పంట నష్టం, వేధింపులు మనం తెచ్చుకున్న ఒత్తిడి కాదు. అలవాట్లు మార్చుకోమని అలాంటివారికి చెప్పడం అన్యాయం, వారికి తోడు కావాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఒత్తిడేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మా దుకాణంలో తక్‌పట్టీ పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను, కాగితం కోసం ఎదురుచూస్తూ నిలబడే రైతుకు కనిపించేలా.