‘మీ కంప్యూటర్లో వైరస్ ఉంది’ అని పదే పదే వచ్చే దొంగ హెచ్చరికలను వదిలించుకోవడం ఎలా?

కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే స్క్రీన్ కుడివైపు కింది మూలన చిన్న పెట్టె ఒకటి లేస్తుంది. ఎర్ర షీల్డు బొమ్మ, పక్కన ‘మీ పీసీలో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే స్కాన్ చేయండి’ అని ఇంగ్లీషులో. ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది, కాసేపాగి మళ్లీ వస్తుంది. యాంటీవైరస్ పెట్టి వెతికిస్తే ఏమీ లేదంటుంది. అది చెప్పింది నిజమే. చాలా ఇళ్లలో ఈ హెచ్చరికలు పంపేది వైరస్ కాదు, ఎప్పుడో ఇంట్లో ఎవరో ఒక వెబ్‌సైటుకు ఇచ్చిన అనుమతి. ఆ అనుమతి తీసేయనంత వరకు ఎన్ని స్కాన్లు చేసినా, డబ్బు పెట్టి ఏ యాంటీవైరస్ కొన్నా ఇది ఆగదు. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకోవడం తప్ప లాభం లేదు. ఫార్మాట్ తర్వాత ఎవరో మళ్లీ ‘అలౌ’ నొక్కితే కథ మొదటికే వస్తుంది.

ఈసారి పెట్టె లేచినప్పుడు మూసేయకుండా, లోపల ఎక్కడా నొక్కకుండా చదవండి. పైన క్రోమ్ అనో ఎడ్జ్ అనో బ్రౌజర్ పేరు, సందేశం కింద చిన్న అక్షరాల్లో ఒక సైటు చిరునామా ఉంటే అది నోటిఫికేషన్. విండోస్ సొంతంగా పంపే హెచ్చరిక మీద ‘విండోస్ సెక్యూరిటీ’ అని ఉంటుంది, సైటు చిరునామా ఉండదు. స్క్రీన్ మొత్తం కమ్మేసి, సైరన్ మోగుతూ, ఫోన్ నంబరు చూపిస్తే అది మామూలు వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ చూపించే ఏ హెచ్చరికలోనూ ఫోన్ నంబరు ఉండదు. నంబరు కనిపించిందంటే అది దొంగదే, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. బ్రౌజర్ తెరవకముందే పెట్టెలు వస్తుంటే మాత్రం తొందరపడి ఒక నిర్ణయానికి రాకండి. క్రోమ్, ఎడ్జ్ కిటికీ మూసేసినా వెనకాల నడుస్తుంటాయి, కాబట్టి ముందు నోటిఫికేషన్లు చూసి, ఆ తర్వాతే ప్రోగ్రాముల దాకా వెళ్లండి.

స్క్రీన్ మొత్తం పట్టేసినప్పుడు

ముందు స్పీకర్ మ్యూట్ చేయండి. ఆ గొంతు, ఆ సైరన్ ఉన్నవి మనల్ని కంగారు పెట్టి నంబరుకు ఫోన్ చేయించడానికే. తర్వాత ఎస్కేప్ కీని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒకసారి తట్టి వదిలేస్తే చాలాసార్లు పనిచేయదు, ఎందుకంటే ఆ పేజీ కీబోర్డును తన అదుపులో పెట్టుకుంటుంది. పట్టుకుని ఉంటే బ్రౌజర్ ఫుల్ స్క్రీన్ నుంచి బయటికొస్తుంది, ట్యాబ్ మూసేయవచ్చు.

అదీ కుదరకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. ఈ మూడింటినీ విండోస్ తన కోసం ఉంచుకుంది, ఏ వెబ్ పేజీ అడ్డుకోలేదు. అందులో టాస్క్ మేనేజర్ తెరిచి, బ్రౌజర్ పేరు మీద నొక్కి ‘ఎండ్ టాస్క్’ కొట్టండి. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు ‘రిస్టోర్ పేజెస్’ అని అడిగితే ఒప్పుకోవద్దు, ఒప్పుకుంటే అదే పేజీ తిరిగొస్తుంది. పాత ట్యాబులు వాటంతటవే తెరుచుకునేలా మీ బ్రౌజర్లో సెట్టింగ్ ఉంటే, ముందు వైఫై ఆపి బ్రౌజర్ తెరవండి. నెట్ లేక పేజీ లోడ్ కాదు, ట్యాబ్ తీరిగ్గా మూసి అప్పుడు వైఫై వేసుకోండి. ఇంతటితో ఆ పేజీ పోయినట్టే.

నోటిఫికేషన్ అనుమతి తీసేయడం

అసలు పని ఇక్కడుంది. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, తర్వాత సైట్ సెట్టింగ్స్, చివరికి నోటిఫికేషన్స్. కిందికి జరిపితే అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. ఎప్పుడూ వినని పేర్లు, అర్థంపర్థం లేని అక్షరాల చిరునామాలు కొన్ని ఉంటాయి. ఒకే ముఠా పది చిరునామాలతో చేరి ఉండొచ్చు, కాబట్టి ఒక్కటి తీసేసి ఆగిపోకండి. ప్రతి దాని పక్కన మూడు చుక్కలు నొక్కి ‘బ్లాక్’ ఎంచుకోండి. ‘రిమూవ్’ నొక్కితే జాబితాలోంచి పోతుంది గానీ, ఆ సైటు మళ్లీ అనుమతి అడగగలదు. బ్లాక్ చేస్తే అడగలేదు.

అదే పేజీలో పైన, సైట్లు నోటిఫికేషన్లు పంపడానికి అసలు అడగకుండా చేసే ఎంపిక ఉంటుంది. పెద్దవాళ్లు, పిల్లలు వాడే కంప్యూటర్లో దాన్నే పెట్టేయండి. ఇంటి అవసరాలకు వెబ్‌సైట్ నోటిఫికేషన్లు లేకపోతే నష్టమేమీ లేదు.

ఎడ్జ్‌లో మెనూలు వెర్షన్‌ను బట్టి మారుతుంటాయి. సెట్టింగ్స్ తెరిచి వెతికే గడిలో నోటిఫికేషన్స్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే నేరుగా దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద పర్మిషన్స్ భాగంలో ఉంటుంది. మీరు వాడేది క్రోమ్ ఒక్కటే అయినా ఎడ్జ్ కూడా చూడండి, విండోస్‌తో పాటే వచ్చే బ్రౌజర్ కాబట్టి ఇంట్లో ఎవరో ఒకసారి తెరిచే ఉంటారు. రెండు యూజర్ ఖాతాలు ఉంటే, బ్రౌజర్లో వేర్వేరు ప్రొఫైళ్లు ఉంటే, అన్నిట్లోనూ విడివిడిగా చేయాలి. ‘తీసేశాం, అయినా వస్తోంది’ అనేవాళ్లు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే.

ఈ అనుమతి ఎలా చేరుతుంది? సినిమా ఉచితంగా చూపిస్తామనే సైట్లు, క్రికెట్ లైవ్ లింకులు, ఇంటర్ ఫలితాల రోజున వెతికితే వచ్చే ఊరూపేరూ లేని పేజీలు ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అంటాయి. రోబో పరీక్షకు, అలౌ బటన్‌కు సంబంధమే లేదు. తిరుపతిలో ఇంకో దారి కూడా ఉంది. ఊళ్లోంచి వచ్చే చుట్టాలు మూడొందల టికెట్టో, గదో చూడమంటారు. కోటా విడుదలయ్యే రోజు హడావిడిగా గూగుల్లో వెతికి మొదట కనిపించిన లింకు నొక్కేస్తాం. టీటీడీ అధికారిక చిరునామా ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్’, దాన్ని బ్రౌజర్లో బుక్‌మార్క్ చేసి ఉంచండి. దర్శనం టికెట్ దొరకాలంటే నోటిఫికేషన్లు అలౌ చేయాలని అడిగే సైటు ఏదైనా అనుమానించాల్సిందే.

అయినా ఆగకపోతే

తర్వాత చూడాల్సింది ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్ తెరిచి, మీరు కావాలని వేసుకోనివి తీసేయండి. పీడీఎఫ్ కన్వర్టర్లు, వీడియో డౌన్‌లోడర్లు, కూపన్లు చూపించేవి, వెతికే పేజీని మార్చేసేవి ఎక్కువగా దొరుకుతాయి. గూగుల్ ఖాతాతో సింక్ ఆన్‌లో ఉంటే ఒక కంప్యూటర్లో వేసిన ఎక్స్‌టెన్షన్ ఇంకోదానికీ చేరుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ రెండూ ఉంటే రెండూ చూసుకోండి.

రిమూవ్ బటన్ లేకుండా ఏదైనా ఎక్స్‌టెన్షన్ మొండికేస్తే, క్రోమ్ మెనూ చివర ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉందేమో చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది మామూలే, ఇంటి కంప్యూటర్లో ఉంటే అనుమానించాలి. కొన్ని నిజమైన యాంటీవైరస్‌లు కూడా ఆ మాట వచ్చేలా చేస్తాయి, కాబట్టి వెంటనే దొంగతనమని తేల్చేయకండి. విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరుసలో లోపలికి వెళితే ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’ అనే ఫోల్డర్ ఉండొచ్చు. ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, ఆ ఒక్క ఫోల్డర్ మాత్రమే తీసేసి క్రోమ్ మళ్లీ తెరవండి. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పని తెలిసినవాళ్లతో చేయించుకోవడం మంచిది.

ఆ తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, వేసిన తేదీ ప్రకారం అమర్చండి. బెడద మొదలైన రోజుల్లో చేరినవి పైకి వస్తాయి. మీకు తెలియనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు ముగిసి నిజంగానే గుర్తు చేస్తుండవచ్చు. ఈ జాబితాలో దాని పేరుంటే ఆ హెచ్చరిక అసలుది కావచ్చు, పేరు లేకుండా ‘మీ సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది’ అని వస్తే దొంగది. ట్రయల్ వద్దనుకుంటే తీసేయండి, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే పనిలోకి దిగుతుంది. ఇంటికి అది చాలు.

ఇప్పుడు విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది, ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, ఛార్జర్ పెట్టి మొదలుపెట్టండి. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో అవసరం లేని యాప్‌లను అడ్డుకునే స్విచ్ ఉంటుంది, అదీ ఆన్ చేయండి. పాత వీడియోల్లో క్రోమ్ సొంత క్లీనప్ టూల్ వాడమని చెబుతారు. గూగుల్ దాన్ని 2023లోనే తీసేసింది, వెతికి లాభం లేదు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ కంప్యూటర్ కొనసాగించాలంటే 11కి మారే వీలుందేమో, పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకునే వీలుందేమో చూసుకోండి.

ఒక కొత్త ఎత్తు గురించి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. విండోస్ కీతో ఆర్, ఆ తర్వాత కంట్రోల్ వీ, చివరికి ఎంటర్ నొక్కమని కొన్ని పేజీలు అడుగుతాయి. మీకు తెలియకుండా పేజీ కాపీ చేసిపెట్టిన ఆదేశాన్ని మీ చేతనే నడిపించడం అది. ఏ నిజమైన సైటూ అలా అడగదు. అది చేసేసి ఉంటే ఇక నోటిఫికేషన్ సమస్య కాదు. నెట్ తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

నంబరుకు ఫోన్ చేసేసి ఉంటే

వాళ్లు చెప్పినట్టు ఎనీడెస్క్ లాంటిది వేసి కంప్యూటర్ వాళ్ల చేతికిచ్చి ఉంటే, మొదట రౌటర్ ఆపండి. ఆ ప్రోగ్రామ్ తీసేయండి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ఈమెయిల్ ముందు. డబ్బు పోయి ఉంటే ఎవరేమనుకుంటారోనని ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ సైబర్ ఆర్థిక నేరాల హెల్ప్‌లైన్. డబ్బు ఖాతాలు మారిపోకముందే చెప్తే ఆపే అవకాశం ఉంటుంది. బ్యాంకుకూ అప్పుడే చెప్పండి. తర్వాత ‘సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్’లో ఫిర్యాదు నమోదు చేయండి. దానికి స్క్రీన్ మీద కనిపించిన నంబరు, వాళ్లు ఫోన్ చేసిన సమయం, డబ్బు వెళ్లిన లావాదేవీ నంబరు, బ్యాంకు నుంచి వచ్చిన ఎస్‌ఎంఎస్ కావాలి. కాల్ లిస్టు, మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.