ఇంట్లోనే అద్దాల అక్వేరియం కట్టుకోవడం ఎలా? ఎన్ని ఎం.ఎం. అద్దం వాడాలి?

అక్వేరియం కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఇన్ని లీటర్ల ట్యాంకుకి ఎంత మందం అద్దం కావాలి?" అని. కానీ చూసుకోవాల్సింది లీటర్లు కాదు, ఎత్తు. ట్యాంకు ముందు నుంచి వెనక్కి ఒక అడుగున్నా మూడడుగులున్నా, లోతు మారనంతవరకు ముందు అద్దం మీద పడే ఒత్తిడి ఒక్కటే. నమ్మబుద్ధి కాదు గానీ నిజం అదే. పొడవు ప్రభావం కొంత ఉంటుంది. ఎత్తుది మాత్రం చాలా ఎక్కువ.

లెక్క చాలా తేలిక. నీళ్లలో ప్రతి సెంటీమీటరు లోతుకీ చదరపు సెంటీమీటరు మీద ఒక గ్రాము బరువు పెరుగుతుంది. 45 సెం.మీ. లోతున్న ట్యాంకులో పైన సున్నా, అడుగున 45 గ్రాములు, సగటున 22.5 గ్రాములు. ముందు అద్దం 90 × 45 సెం.మీ. అనుకుంటే దాని మీద మొత్తం తోపు 91 కిలోలు. 120 × 60 అద్దమైతే 216 కిలోలు. అదే పొడవులో ఎత్తు ఒక్కటే రెట్టింపు చేస్తే ఈ తోపు నాలుగు రెట్లవుతుంది. రాత్రీ పగలూ ఒక మనిషి ఆ అద్దానికి ఆనుకుని నిలబడ్డట్టే.

మందం ఎంత ఉండాలి?

మామూలు ఫ్లోట్ గ్లాస్ (కిటికీలకి వాడే సాదా అద్దం) వంగినప్పుడు తట్టుకునే బలాన్ని అక్వేరియం లెక్కల్లో చదరపు మిల్లీమీటరుకి 19.2 న్యూటన్లుగా తీసుకుంటారు. దాన్ని 3.8తో భాగించి, వచ్చినంత మేరకే అద్దం మీద భారం పడనిస్తారు. ఆ 3.8 ని సేఫ్టీ ఫ్యాక్టర్ అంటారు. పైన బలానికి అతికించే అద్దం పట్టీలేవీ లేని, అంచు వరకు నిండిన ట్యాంకుకి ఆ లెక్క ప్రకారం ముందు అద్దం మందం ఇలా వస్తుంది (పొడవు × ఎత్తు, సెంటీమీటర్లలో):

60 × 30: లెక్కకు 4.1 ఎం.ఎం., కొనాల్సింది 5
60 × 45: లెక్కకు 6.4, కొనాల్సింది 8
90 × 45: లెక్కకు 7.6, కొనాల్సింది 8
120 × 45: లెక్కకు 8.0, కొనాల్సింది 10
100 × 50: లెక్కకు 8.9, కొనాల్సింది 10
120 × 60: లెక్కకు 11.7, కొనాల్సింది కనీసం 12

మూడో వరుసా నాలుగో వరుసా పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు 30 సెం.మీ. పెరిగినా మందం అర మిల్లీమీటరు కూడా పెరగలేదు. ఇప్పుడు 120 × 45, 120 × 60 చూడండి. ఎత్తు 15 సెం.మీ. పెరిగేసరికి 8 కాస్తా 11.7 అయింది. పెద్ద ట్యాంకు మోజుంటే పొడవులో, వెడల్పులో పెంచుకోండి. మొదటిసారి కట్టేవాళ్లు 45 సెం.మీ. ఎత్తు దాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అడుగున మొక్క సర్దాలన్నా చెయ్యి అందాలి కదా.

"3.8 రెట్లు జాగ్రత్త ఎందుకు, మా వాళ్లు 90 × 45 ట్యాంకు 6 ఎం.ఎం.తో కట్టారు, బానే ఉంది" అనేవాళ్లు ఉంటారు. ఉండొచ్చు. అద్దం ఇనుములా ముందు సాగి, వంగి, ఆ తర్వాత విరిగే రకం కాదు. దాని మీద కంటికి కనిపించని గీతలుంటాయి. నిరంతరం భారం పడుతూ, తేమ తగులుతూ ఉంటే ఆ గీతలు మెల్లగా లోపలికి పాకుతాయి. అందుకే మొదటి రోజు నిలబడ్డ ట్యాంకు కొన్నేళ్ల తర్వాత ఏ కారణమూ లేకుండా పగిలినట్టు అనిపిస్తుంది. ఆ జాగ్రత్తంతా ఇలాంటి గీతల కోసమే. పైగా 8 ఎం.ఎం. అని అమ్మే అద్దం 7.7 ఉన్నా ప్రమాణాల ప్రకారం అది సరైనదే. కొనేటప్పుడు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూసుకోండి. లెక్క సరిగ్గా అంచు మీదకొస్తే తర్వాతి సైజుకి వెళ్లండి.

అడుగు అద్దం గోడల మందానికి తక్కువ కాకూడదు. ఒక సైజు ఎక్కువైతే ఇంకా నిశ్చింత.

ఏ అద్దం కొనాలి?

మామూలు ఫ్లోట్ గ్లాస్ చాలు. వేడిచేసి గట్టిపరిచిన టఫెన్డ్ గ్లాస్ దాదాపు నాలుగు రెట్లు బలమైనదే కానీ, టఫెన్ చేశాక దాన్ని కోయలేరు, బెజ్జం వేయలేరు. పగిలితే ఒక్కసారిగా పొడిపొడి అయిపోయి నీళ్లన్నీ గదిలోకి వస్తాయి. మామూలు అద్దం చాలాసార్లు ఒక గీతగా చీలుతుంది, నీళ్లు కారుతుండగా చేపల్ని బకెట్లోకి మార్చుకునే వ్యవధైనా ఉంటుంది. రెండు పలకలు అతికించిన లామినేటెడ్ అద్దాన్ని మొత్తం మందంగా లెక్కేయకండి, అది అదే మందమున్న ఒక్క పలక అంత బలంగా ఉండదు. పాత కిటికీ అద్దాలు, టేబుల్ టాప్‌లు ఊరికే దొరికాయని వాడొద్దు. వాటి మీద ఎన్ని గీతలున్నాయో ఎవరికి తెలుసు?

కోయించడం

కోత షాపులోనే చేయించండి. 8 ఎం.ఎం. అద్దంతో 90 × 45 ట్యాంకుకి కావాల్సినవి: అడుగుకి 90 × 45 ఒకటి, ముందు వెనకలకి 90 × 45 రెండు, పక్కలకి 43.2 × 45 రెండు. పక్క అద్దాలు ముందు వెనక అద్దాల మధ్యలో ఇమడాలి కాబట్టి 45 లోంచి రెండు మందాలు (1.6 సెం.మీ.), రెండు అతుకులకి ఒక్కో మిల్లీమీటరు తీసేశాం. ఈ చిన్న తీసివేత మర్చిపోతే పక్క అద్దాలు బయటికి పొడుచుకొస్తాయి. పైన పట్టీల కోసం 5 సెం.మీ. వెడల్పు, 88.2 సెం.మీ. పొడవున్న ముక్కలు రెండు కోయించుకోండి. పొడవాటి అద్దాలు మధ్యలో ఉబ్బకుండా ఇవి పట్టుకుంటాయి. పట్టీలున్నాయి కదా అని మందం మాత్రం తగ్గించకండి.

అంచులన్నీ గ్రైండింగ్ చేయించండి. చెయ్యి కోసుకోకుండా ఉండటానికి మాత్రమే కాదు, పెచ్చులూడిన అంచు దగ్గరే పగులు మొదలవుతుంది.

అతికించడం

సిలికాన్ ఎంపికలో రాజీ వద్దు. నూటికి నూరు శాతం సిలికాన్, ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం, ట్యూబ్ మీద అక్వేరియంకి పనికొస్తుందని రాసి ఉన్నది తీసుకోండి. బాత్‌రూమ్‌ల కోసం అమ్మేవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి విషం. ఒక ట్యూబ్ అదనంగా ఉంచుకోండి. సగం అతుకు దగ్గర అయిపోతే ఇంకొకటి తెచ్చేలోపు మొదటిది తోలు కడుతుంది.

అతుకు పడే అంచులన్నీ ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో తుడవండి. తుడిచాక వేలు తగలనీయొద్దు. లోపలి మూలల వెంట, సిలికాన్ ఎంత వెడల్పు ఉండాలో అంత వదిలి మాస్కింగ్ టేప్ వేయండి. కిటికీలు తీసి పెట్టుకోండి, ఆ ఘాటుకి కళ్లు మండుతాయి.

ఈ పనికి ఇద్దరు కావాలి. అడుగు అద్దాన్ని చదునైన బల్ల మీద పెట్టి, వెనక అంచు మీద తెగకుండా ఒకే తీగలా సిలికాన్ వేసి వెనక అద్దం నిలబెట్టండి. తర్వాత రెండు పక్కలు, చివర్లో ముందు అద్దం. ఒక్కొక్కటి పెట్టగానే బయట నుంచి టేప్‌తో బిగించండి. ఇక్కడే చాలామంది అద్దాన్ని గట్టిగా అదిమేస్తారు. సిలికాన్ అంతా బయటికొచ్చేసి అద్దానికి అద్దం తగులుతుంది, అలాంటి అతుకులో పట్టు ఉండదు. మధ్యలో మిల్లీమీటరు సిలికాన్ మిగలాలి. బయట నుంచి అతుకులోకి వంగి చూడండి: అంతా ఒకే రంగులో కనిపించాలి. వెండి చుక్కల్లా మెరిస్తే అవి గాలి బుడగలు, నీళ్లు దారి వెతుక్కునేది అక్కడే.

మూలమట్టం పెట్టి చూడండి. పైన ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానంగా వస్తే దీర్ఘచతురస్రం కుదిరినట్టే. వెంటనే లోపలి మూలల్లో ఇంకో వరుస సిలికాన్ వేసి, గ్లవ్ వేసుకున్న వేలితో పై నుంచి కింద వరకు ఆగకుండా ఒక్క లాగు లాగండి. ఆగిన చోట గుట్ట కడుతుంది. మాస్కింగ్ టేప్ అప్పుడే తీసేయాలి, ఆరాక తీస్తే సిలికాన్ కూడా ఊడొస్తుంది. ఇదంతా ఒకే విడతలో ఎందుకంటే, కొత్త సిలికాన్ ఆరిపోయిన పాతదానికి సరిగ్గా అంటుకోదు.

ఆరబెట్టడం, స్టాండు

సిలికాన్ గాలిలో తేమతో, బయట నుంచి లోపలికి ఆరుతుంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు. పైన గట్టిపడిందని మూడో రోజే నీళ్లు పోయకండి. మర్నాడు ముందు, వెనక అద్దాల పై అంచుల వెంట లోపలి వైపు పట్టీలు అతికించి, వారం రోజులు కదపకుండా వదిలేయండి.

ఈలోపు స్టాండు చూసుకోండి. ఈ ట్యాంకులో నీళ్లే దాదాపు 160 కిలోలు, అద్దం పట్టీలతో కలిపి దాదాపు 34 కిలోలు, ఇసుకా రాళ్లూ వేసేసరికి 200 దాటుతుంది. పైభాగం చదునుగా ఉండాలి, రసమట్టం పెట్టి చూడాలి, అద్దం కింద అంతటా థర్మాకోల్ షీటు పరవాలి. ఒక్క ఇసుక గింజ అడుగున ఇరుక్కున్నా అక్కడ అద్దం చిట్లొచ్చు.

నీళ్లతో పరీక్ష

మొదటి పరీక్ష నీళ్లు కారినా పర్లేదనిపించే చోట చేయండి. మూడో వంతు నింపి కొన్ని గంటలు, సగం నింపి మరికొన్ని గంటలు, ఆ తర్వాత పూర్తిగా నింపి రెండు రోజులు. అతుకుల వెంట బయట పొడి టిష్యూ పేపరు నొక్కి చూస్తే కంటికి కనిపించని చెమ్మ కూడా తెలిసిపోతుంది. నీళ్లున్న ట్యాంకుని మాత్రం ఎత్తొద్దు, కొంచెమే ఉన్నా సరే. అంతా బావుంటే నీళ్లు పారబోసి, కడిగి, వెనిగర్ వాసన పూర్తిగా పోయాకే చేపల సంగతి.

ఎక్కడైనా కారితే పై నుంచి కాస్త సిలికాన్ పూసి సరిపెట్టుకోకండి, నిలవదు. ట్యాంకు పూర్తిగా ఆరబెట్టి, కారిన చోట మూలలోని సిలికాన్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా బ్లేడుతో గీకి తీసేయండి. ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ ఒకే లాగులో వేసి, ఇంకో వారం ఆగండి. చెమ్మ లోపలి మూలలోంచి కాకుండా రెండు అద్దాల మధ్య అతుకులోంచే వస్తుంటే, ఆ అద్దాన్ని ఊడదీసి మొదటి నుంచి అతికించాల్సిందే.