రౌటింగ్ అప్‌డేట్ల వల్ల ఐఎస్‌డీఎన్ లైను డయల్ కాకుండా ఆపడం ఎలా?

ఆఫీసు మూసేశాక కూడా ఐఎస్‌డీఎన్ (అవసరమైనప్పుడు డయల్ చేసే డిజిటల్ ఫోన్ లైను) దిగడం లేదంటే, అంటే కాల్ తెగడం లేదంటే, ముందు రౌటింగ్ ప్రోటోకాల్‌నే (రౌటర్లు దారుల సమాచారం ఒకదానికొకటి పంపుకునే పద్ధతి) అనుమానించండి. రిప్ అనే ప్రోటోకాల్ ప్రతి 30 సెకన్లకు ఒక అప్‌డేట్ పంపుతుంది. సిస్కో రౌటర్లో డయలర్ ఐడిల్ టైమౌట్ (లెక్కలోకొచ్చే ట్రాఫిక్ లేకపోతే లైను తెంచే గడువు) మామూలుగా 120 సెకన్లు. అప్‌డేట్ వెళ్లిన ప్రతిసారీ ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది, లైను ఇక దిగదు.

కింది కమాండ్లను పలికే తీరులో రాశాం. రౌటర్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. డయల్ చేయిస్తున్నదెవరో చూడండి. లైను లేచి ఉన్నప్పుడు "షో డయలర్" కొట్టి, డయల్ రీజన్ వరుసలో గమ్యం అడ్రస్ చదవండి. 255.255.255.255 గానీ 224.0.0.9 గానీ ఉంటే రిప్. 224.0.0.10 అయితే ఈఐజీఆర్‌పీ, 224.0.0.5 అయితే ఓఎస్‌పీఎఫ్; ఇవీ రౌటింగ్ ప్రోటోకాళ్లే.

2. ఆ అప్‌డేట్లను డయల్ లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే లిస్టు రాయండి.

యాక్సెస్-లిస్ట్ 101 డినై యూడీపీ ఎనీ ఎనీ ఈక్యూ 520
యాక్సెస్-లిస్ట్ 101 డినై ఈఐజీఆర్‌పీ ఎనీ ఎనీ
యాక్సెస్-లిస్ట్ 101 డినై ఓఎస్‌పీఎఫ్ ఎనీ ఎనీ
యాక్సెస్-లిస్ట్ 101 పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ

చివరి వరుస మరిచిపోతే ఏ ప్యాకెట్టూ లైను లేపలేదు, ఎందుకంటే ప్రతి లిస్టు చివరా కనిపించని డినై ఒకటి ఉంటుంది.

3. లిస్టును డయలర్‌కు కట్టండి. గ్లోబల్ కాన్ఫిగరేషన్లో "డయలర్-లిస్ట్ 1 ప్రోటోకాల్ ఐపీ లిస్ట్ 101", బీఆర్ఐ ఇంటర్‌ఫేస్ (రౌటర్‌కు ఐఎస్‌డీఎన్ లైను కలిసే చోటు) కింద "డయలర్-గ్రూప్ 1". ఇక్కడ పొరపాటున "ఐపీ యాక్సెస్-గ్రూప్ 101" పెట్టకండి. అది ప్యాకెట్లను పూర్తిగా ఆపేస్తుంది. డయలర్-లిస్ట్ దేన్నీ అడ్డుకోదు, డయల్ చేయాలా వద్దా అన్నదే తేలుస్తుంది. మామూలు ట్రాఫిక్ లైను లేపాక అప్‌డేట్లూ దాని మీదే వెళ్తాయి.

4. లైను దిగి ఉన్నప్పుడు రూట్లు ఎక్కడినుంచి వస్తాయో ఇప్పుడే తేల్చుకోండి. అప్‌డేట్లు రాకపోతే టేబుల్లో దారి ఉండదు, దారి లేనిదే డయలూ జరగదు. బ్రాంచిలో డిఫాల్ట్ స్టాటిక్ రూటు (చేత్తో రాసిన స్థిరమైన దారి), హెడ్ ఆఫీసులో బ్రాంచి నెట్‌వర్క్‌కు స్టాటిక్ రూటు పెట్టి, ఆ ఇంటర్‌ఫేస్ మీద అప్‌డేట్లు పంపకుండా రౌటింగ్ ప్రోటోకాల్ కింద "పాసివ్-ఇంటర్‌ఫేస్ బీఆర్ఐ 0" ఇవ్వండి. చిన్న బ్రాంచికి ఇంతకు మించి అక్కర్లేదు. ఐఎస్‌డీఎన్ బ్యాకప్ మాత్రమే అయితే స్టాటిక్ రూటు చివర 200 చేర్చండి. ఇది అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్; ఈ సంఖ్య తక్కువున్న రూటుకే ప్రాధాన్యం. రిప్ 120, ఓఎస్‌పీఎఫ్ 110 కాబట్టి అసలు లైను పోయినప్పుడే ఈ రూటు పైకి వస్తుంది.

5. ఓఎస్‌పీఎఫ్ తప్పదంటే పాసివ్ పనికిరాదు, పొరుగు సంబంధమే తెగిపోతుంది. ఇంటర్‌ఫేస్ మీద ఒక వైపు "ఐపీ ఓఎస్‌పీఎఫ్ డిమాండ్-సర్క్యూట్" ఇవ్వండి, పై లిస్టులో ఓఎస్‌పీఎఫ్ డినై తీసేయండి. నెట్‌వర్క్ టైపు పాయింట్-టు-పాయింట్ లేదా పాయింట్-టు-మల్టీపాయింట్ కావాలి, బ్రాడ్‌కాస్ట్ అయితే హలోలు (పొరుగు రౌటర్‌కు పదేపదే పంపే పలకరింపు ప్యాకెట్లు) ఆగవు. ఇక్కడ ఎక్కువమందిని ఏడిపించేది పీపీపీ (డయల్ లైను మీద రెండు రౌటర్లను కలిపే ప్రోటోకాల్). లైను లేచినప్పుడు అవతలి రౌటర్‌కు ఒక హోస్ట్ రూటు (ఆ ఒక్క అడ్రస్‌కే దారి) టేబుల్లో చేరుతుంది, దిగగానే పోతుంది. ఆ రూటును ఓఎస్‌పీఎఫ్‌లోకి రీడిస్ట్రిబ్యూట్ చేస్తుంటే (అంటే ఓఎస్‌పీఎఫ్ ద్వారా మిగతా రౌటర్లకు చెబుతుంటే) అది టోపాలజీ మార్పు కింద లెక్క, లైను మళ్లీ లేస్తుంది. ఇంటర్‌ఫేస్ కింద "నో పీర్ నైబర్-రూట్" ఇస్తే ఈ తిరుగుడు ఆగుతుంది.

6. "డీబగ్ డయలర్ ప్యాకెట్స్" పెట్టి, ఎవరూ పనిచేయని వేళ పది నిమిషాలు చూడండి. అప్‌డేట్ ఎదురుగా "అన్‌ఇంటరెస్టింగ్" (డయల్ లెక్కలోకి రాదు) అని రావాలి. అయినా లైను లేస్తుంటే యూడీపీ 123, 137, 138 పోర్టులు చూడండి. గడియారం సరిచేసే ఎన్‌టీపీ, విండోస్ నెట్‌బయోస్ కూడా ఇదే పని చేస్తాయి. వాటి డినై వరుసలు పర్మిట్‌కు పైనే రావాలి. నంబరున్న లిస్టులో కొత్త వరుస అడుక్కే చేరుతుంది కాబట్టి లిస్టు మొత్తం తీసేసి తిరిగి రాయడం మేలు.